డూమ్స్‌డే ఊళ్ళలో ఆరు రోజులు

మొదటి రోజు: రెడింగ్

ముప్పైరెండేళ్ళు రెవెన్యూ శాఖలో పనిచేసి డిప్యూటీ తహసీల్దారుగా పదవీ విరమణ చేసినవాణ్ణి కావడం చేత, ఏ కొత్త ఊరికి వెళ్ళినా అక్కడి గుడికన్నా ముందు పొలం గట్ల మీదికి నా చూపు పోతుంది. అమ్మాయీ అల్లుడూ ఉద్యోగరీత్యా రెడింగ్‌లో స్థిరపడి ఆరేళ్ళయినా, మా ఆవిడ రెండుసార్లు వచ్చి వెళ్ళినా, నేను మాత్రం ఈ అక్టోబరులోనే మొదటిసారి బయలుదేరాను. లండన్‌లో చూడవలసిన వాటి జాబితా అల్లుడు ముందే సిద్ధం చేసి ఉంచాడు గాని, నా కోరిక వేరు. 1066లో ఫ్రాన్స్ ఉత్తర తీరంలోని నార్మండీ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ను గెలుచుకున్న విలియం, ఇరవై ఏళ్ళ తరువాత ఆ దేశానికి ఒక భూమి లెక్క రాయించాడు. దానినే డూమ్స్‌డే గ్రంథం అంటారు. పరాయి దొర వచ్చి గద్దె మీద కూర్చున్నాక ఊళ్ళో మామూలు మనిషి బతుకులో ఏది మారింది, ఏది మారలేదు అన్నది ఆ లెక్కలో వెతుక్కుని, అందులోని ఊళ్ళు కొన్నింటిని కళ్ళారా చూడాలని నా ఆశ. "మావయ్య గారూ, సెలవుల్లో కూడా జమాబందీయేనా?" అని అల్లుడు నవ్వాడు.

మొదటి మజిలీకి ఊరు దాటనక్కరలేకపోయింది. బేయూ కుట్టుచిత్రానికి నిలువెత్తు నకలు రెడింగ్ టౌన్‌హాలులోని మ్యూజియంలోనే ఉంది. అసలుది ఫ్రాన్స్ సొత్తు. దాదాపు 70 మీటర్ల పొడవున నార బట్ట మీద రంగుల ఉన్ని దారాలతో విలియం దండయాత్ర కథను బొమ్మలుగా కుట్టారు. టేపెస్ట్రీ అని పేరు పడినా అది మగ్గం మీది నేత కాదు, సూది పని. అది 11వ శతాబ్దంలో బహుశా కాంటర్బరీ ప్రాంతంలో, ఇంగ్లీషు కుట్టుపనివారి చేతుల్లోనే తయారైందని చాలామంది పండితుల అభిప్రాయం. గెలిచినవాడి కథను ఓడినవారి చేత కుట్టించారన్నమాట. మన శ్రీకాళహస్తి కలంకారీలో రామాయణం గడులు గడులుగా, బొమ్మ పైన తెలుగు అక్షరాలతో నడిచినట్టే, ఇక్కడ కథ లాటిన్ అక్షరాలతో నడుస్తుంది. రెడింగ్ నకలును 1885-86లో లీక్ అనే పట్టణపు స్త్రీలు కుట్టారు. అసలు చిత్రంలో అంచున ఉన్న నగ్న పురుషులకు ఈ నకలులో చడ్డీలు వచ్చి చేరాయి. విక్టోరియా రాణి కాలపు మర్యాద ఆ విధంగా బట్టకెక్కింది.

రాజులూ గుర్రాలూ ఓడలూ ఉన్న నడిమి భాగాన్ని అందరూ చూస్తున్నారు. నేను మాత్రం వంగి కింది అంచునే చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను. అక్కడ, రాయబారుల గుర్రాల కింద, కథతో ఏ సంబంధమూ లేని ఒక పొలం ఉంది. ఒకడు నాగలి దున్నుతున్నాడు, ఒకడు విత్తనం చల్లుతున్నాడు, ఆ వెనుక ఒక గుర్రం పళ్ళ దంతెను లాగుతోంది, ఇంకొకడు చేత వడిసెల పట్టుకుని పిట్టలను తోలుతున్నాడు. మా చిన్నప్పుడు జొన్నచేలో మంచె మీద నిలబడి మేము తిప్పిన వడిసెల అచ్చం అదే. ఇంకాస్త ముందుకు పోతే నడిమి భాగంలోనే ఒక ఇంటికి సైనికులు నిప్పు పెడుతున్నారు, ఆ ఇంటి నుంచి ఒక స్త్రీ చిన్నపిల్లవాడి చెయ్యి పట్టుకుని బయటికి వస్తోంది. యుద్ధంలో మామూలు మనుషుల వాటా ఎంత అన్నది ఆ కుట్టుపనివారికి బాగా తెలుసు.

రెండవ రోజు: బాటిల్

లండన్‌లో రైలు మారి ఆగ్నేయంగా సముద్రం వైపు సాగాము. అమ్మాయి ఇంట్లో అచ్చువేసి ఇచ్చిన కాగితాలు దారిలో చదువుకున్నాను. 1085 క్రిస్మస్ నాడు గ్లాస్టర్‌లో కొలువు తీర్చిన విలియం, ఏ భూమి ఎవరి చేతిలో ఉన్నదీ, దానిపై ఎంత వస్తున్నదీ తేల్చమని మనుషులను పంపాడు. మరుసటి ఏడు 13,000కు పైగా ఊళ్ళ వివరాలు చేరాయి. ఆ అధికారులు అడిగిన ప్రశ్నల పట్టిక ఒకటి ఈలీ మఠం పత్రాలలో నిలిచి ఉంది. ఊరి పేరేమిటి, దండయాత్రకు ముందరి ఇంగ్లీషు రాజు ఎడ్వర్డ్ కాలంలో ఎవరిది, ఇప్పుడు ఎవరిది, నాగళ్ళెన్ని, రైతులెందరు, బానిసలెందరు, అడవి ఎంత, గడ్డిబీడు ఎంత, మరలెన్ని, చేపల మడుగులెన్ని, అప్పుడు విలువెంత, ఇప్పుడెంత అని వరుసగా అడిగి, చివరన ఇంతకన్నా ఎక్కువ రాబట్టవచ్చునా అని అడిగారు. ఈ చివరి ప్రశ్న చదివినప్పుడు నాకు నవ్వు ఆగలేదు. నేను పనిచేసిన ఏ కార్యాలయంలోనూ ఆ ప్రశ్న ఇంత సూటిగా ఎవరూ అడగలేదు గాని, అడగనిది ఎవరు? సమాధానం చెప్పవలసినది ఊరి పూజారీ, పెత్తందారూ, ఒక్కొక్క ఊరి నుంచి ఆరుగురు రైతులూ. హండ్రెడ్ అనే తాలూకా వంటి విభాగానికి వేసిన సాక్షుల జాబితాల్లో ఫ్రెంచివారూ ఇంగ్లీషువారూ కలిసి ఉన్నారు. ఒక్క ఎద్దునూ ఒక్క ఆవునూ ఒక్క పందినీ వదలకుండా రాశారని, చెప్పుకోవడానికే సిగ్గుచేటని ఆనాటి ఇంగ్లీషు చరిత్రకారుడైన ఒక సన్యాసి వాపోయాడు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. హండ్రెడ్, షైర్ అనే జిల్లా, దానిపై రాజు అధికారి అయిన షెరీఫ్, పన్ను వేసే పద్ధతి, వెండి పెన్నీ నాణెం, ఇవన్నీ విలియం వచ్చేనాటికే ఉన్నాయి. కచేరీని కట్టినవాడు వేరు, అందులో వచ్చి కూర్చున్నవాడు వేరు. 1067లో లండన్ పౌరులకు విలియం ఇచ్చిన చిన్న ఫర్మానా ఒకటి ఇప్పటికీ భద్రంగా ఉంది. ఎడ్వర్డ్ కాలంలో మీకున్న న్యాయాలన్నీ ఉంటాయి, తండ్రి తరువాత బిడ్డకే వారసత్వం, మీకెవరూ అన్యాయం చేయకుండా చూస్తాను అని దాని సారాంశం. అది ఇంగ్లీషులోనే ఉంది. మరి కొన్నేళ్ళకే రాజుగారి కాగితాలు లాటిన్‌లోకి మారిపోయాయి.

బాటిల్ అన్నదే ఊరి పేరు. 1066 అక్టోబరు 14 నాటి యుద్ధానికి హేస్టింగ్స్ పేరు వచ్చినా, అది జరిగినది ఇక్కడేనని చెప్పుకుంటున్నారు. విలియం చేతిలో ఓడిన ఇంగ్లీషు రాజు హెరాల్డ్ పడిపోయిన చోట పీఠం వచ్చేటట్టుగా విలియం ఒక మఠం కట్టించాడు. ఆ చర్చి 16వ శతాబ్దంలోనే పోయింది. ఇప్పుడు గడ్డిలో ఒక రాతి పలక మాత్రం ఆ చోటును చూపుతోంది. వాలుగా జారిన పచ్చిక, దిగువన చెట్లు, తేమ నేల. యుద్ధభూమిగా ఇంతకుమించి చెప్పేదేమీ నాకు కనిపించలేదు.

నన్ను ఆకట్టుకున్నది మఠం గుమ్మం ముందున్న వీధి. మఠం కట్టడానికి వచ్చినవారికీ, దానిని నమ్ముకుని బతికేవారికీ స్థలాలిచ్చి ఈ ఊరిని వేశారు. 12వ శతాబ్దం తొలినాళ్ళ నాటి ఇళ్ళ శిస్తు జాబితా ఒకటి మఠం చరిత్రలో చేరి నిలిచింది. నూటికి పైగా ఇళ్ళు, చెప్పులు కుట్టేవారు, నేతగాళ్ళు, వంటవాళ్ళు, గంటలు పోతపోసేవాడు, కంసాలి, ఇంగ్లీషు పేర్లూ ఫ్రెంచి పేర్లూ పక్కపక్క గుమ్మాలలో. యుద్ధం జరిగి యాభై ఏళ్ళయినా కాకముందే, ఆ యుద్ధం జరిగిన చోటనే, ఇరుపక్షాల మనుషులూ ఒకే వీధిలో కాపురముంటూ ఒకే మఠానికి శిస్తు కడుతున్నారు.

అది సఖ్యతకు గుర్తు అనుకుంటే పొరపాటు. ఎక్కడైనా గుర్తు తెలియని శవం దొరికితే, చనిపోయినవాడు ఇంగ్లీషువాడని రుజువు చేయలేకపోయిన పక్షంలో ఆ హండ్రెడ్ మొత్తం మర్డ్రమ్ అనే జరిమానా కట్టాలి. నార్మన్లను చాటుమాటుగా చంపుతారన్న భయంతో పెట్టిన కట్టు అది. తరాలు గడిచి ఎవరు ఎవరో చెప్పడం కష్టమైపోయిన తరువాత కూడా ఆ జరిమానా కొనసాగి, 1340లో గాని రద్దు కాలేదు. ఒక పద్దు కింద వసూలు మొదలయ్యాక, కారణం చచ్చినా పద్దు చావదు.

మూడవ రోజు: వించెస్టర్, న్యూ ఫారెస్ట్

శనివారం కావడంతో అల్లుడు కారు తీశాడు. వించెస్టర్ కెథడ్రల్ (బిషప్ పీఠమున్న పెద్ద చర్చి) పక్కన పచ్చికలో ఇటుకలతో గీసిన ఒక గుడి నక్షా ఉంది. ఇంగ్లీషు రాజుల కాలపు పాత గుడి జాడ అది. బిషప్ వాకెలిన్ 1079లో దాని పక్కనే కొత్తది మొదలుపెట్టి, 1093లో పాతదానిని పడగొట్టించాడు. కొత్త కట్టడంలో ఉత్తరపు బాహువు ఆనాటిది ఆనాటిదిగానే నిలిచి ఉంది. ఏ అలంకారమూ లేని గుండ్రటి కమానులు, మూడు అంతస్తుల ఎత్తున. దాని కింద నిలబడ్డ ఆనాటి సామాన్యుడికి దేవుడి మీద భక్తి ఎంత కలిగిందో గాని, కట్టించినవాడి మీద భయం మాత్రం తప్పక కలిగి ఉంటుంది.

ఈ ఊళ్ళో 12వ శతాబ్దంలో రెండుసార్లు, సుమారు 1110లోనూ 1148లోనూ, ఇళ్ళ సర్వే జరిగింది. ఆ జాబితాలను వరుసగా చూస్తే గాడ్విన్, ఆల్‌విన్ వంటి పాత పేర్లు తగ్గి విలియం, రాబర్ట్, రిచర్డ్, హ్యూ వంటివి పెరిగిపోతాయి. జనం మారిపోలేదు, తల్లిదండ్రులు పిల్లలకు పెట్టే పేర్లు మారాయి. ఉత్తరాన విట్బీ ఊరిలో పుట్టిన ఒక కుర్రవాడికి తల్లిదండ్రులు టోస్టిగ్ అని పేరు పెడితే, తోటి పిల్లల ఎగతాళి పడలేక విలియం అని మార్చుకున్నాడట. తరువాత సన్యాసం పుచ్చుకుని బార్తలొమ్యూ అయ్యాడు. రాజుగారి సైన్యం చేయలేని పనిని వీధిలో పిల్లల వెక్కిరింత చేసింది. మా ఊళ్ళో తాతల పేర్లు పెట్టిన పిల్లలు పట్నం కాలేజీలో చేరగానే వాటిని కుదించుకోవడం ఎరిగినవాణ్ణి కనుక ఆ కుర్రవాడి బాధ నాకు అర్థమైంది.

మధ్యాహ్నం న్యూ ఫారెస్ట్ చేరాము. పేరులో కొత్త ఉన్నా ఇది 1079 ప్రాంతంలో విలియం తన వేట కోసం ప్రత్యేకించుకున్న అడవి. ఫారెస్ట్ అంటే చెట్లున్న చోటు అని కాదు, రాజుగారి వేట చట్టం వర్తించే చోటు అని. జింకను కొట్టినా, దానికి నీడనిచ్చే చెట్టును కొట్టినా నేరమే. అడవి అంచున కాపురమున్నవారి పెద్ద కుక్కలు జింకల వెంటపడకుండా ముందుకాలి గోళ్ళు నరికించేవారు. అంతకుముందు కట్టెకూ కాయకూ మేతకూ స్వేచ్ఛగా తిరిగిన జనానికి నార్మన్ పాలనలో అన్నిటికన్నా ఎక్కువగా మింగుడుపడనిది ఈ అడవి చట్టమే అని నా అభిప్రాయం. మన్యంలో ఆంగ్లేయుల అడవి చట్టాల వలన పోడు చేసుకునేవారు పడ్డ పాట్లు తెలిసిన మనకు దీనిని విప్పి చెప్పనక్కరలేదు.

అయితే నిషేధంతో పాటే అనుమతుల పట్టిక కూడా పుట్టింది. లిండ్‌హర్స్ట్‌లో వెర్డరర్లు అనే అడవి అధికారుల న్యాయస్థానం నేటికీ కూర్చుంటోంది. ఆ చుట్టుపక్కల కొన్ని ఇళ్ళకూ కమతాలకూ మాత్రమే గుర్రాలను, పశువులను అడవిలో మేపుకునే హక్కు అంటిపెట్టుకుని ఉంది. ఇల్లు అమ్మితే హక్కు కూడా ఇంటి వెంట పోతుంది. రోడ్డు పక్కనే ఓక్ చెట్ల కింద ముక్కుకు ఉంగరాలు తొడిగిన పందులు సింధూర కాయలు నములుతూ కనిపించాయి. శరదృతువులో పందులను ఇలా వదిలే హక్కుకు పానేజ్ అని పేరు. పచ్చి కాయలు తింటే గుర్రాలకూ పశువులకూ విషం, పందులకు విందు. కాబట్టి ఇవి తిని నేల ఖాళీ చేయడం అందరికీ మేలు. అడవులను పందుల లెక్కన కొలిచిన పేజీలు డూమ్స్‌డేలో కోకొల్లలు. పేరు ఫ్రెంచిది, పంది ఇంగ్లీషుది. కారు దిగి ఫొటో తీయబోతే ఒకటి నా సంచీలోని జంతికల పొట్లం వాసన పట్టి వెంటపడింది, నేను పరుగెత్తవలసి వచ్చింది. ఆ దృశ్యం అల్లుడి ఫోనులో ఇప్పటికీ ఉంది.

నాల్గవ రోజు: వాన, ఆక్స్‌ఫర్డ్

పొద్దుటి నుంచీ ముసురు. మధ్యాహ్నం ఒక పూట ఆక్స్‌ఫర్డ్ వెళ్ళి, 1071లో నార్మన్ దొర రాబర్ట్ డాయిలీ కట్టించిన కోట పక్కన సెయింట్ జార్జ్ బురుజును గొడుగు కింది నుంచి చూసి వచ్చేశాను. ఈ ఊరికి రావడానికి అసలు కారణం తిండి. 2020లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, ఆక్స్‌ఫర్డ్ తవ్వకాలలో దొరికిన ఎముకలనూ, కుండపెంకులకు అంటుకున్న కొవ్వునూ పరీక్షించారు. నార్మన్లకు ముందూ తరువాతా కూడా సామాన్యుల కుండలో ఉడికినది ప్రధానంగా క్యాబేజీ వంటి కూరలూ, గొర్రె మేక మాంసమూనే. పంది మాంసం, కోడి కొంత పెరిగాయి, పాల వాడకం కొంత తగ్గినట్టుంది. చిన్నతనంలో ఏర్పడిన పళ్ళు మాత్రం ఆ మార్పు జరిగిన కాలంలో కొన్నాళ్ళు తిండి కటకట పడ్డ సంగతిని చెప్పాయి. ఆ తరువాత మామూలే. ఏ చరిత్రకారుడూ రాయని ఆ కొన్నాళ్ళ ఆకలి పళ్ళలో మిగిలింది. ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ క్యాబేజీ పెసరపప్పు కూరే చేసి ఉంచింది.

ఐదవ రోజు: లింకన్

అమ్మాయి సెలవు పెట్టి నాతో వచ్చింది. పొద్దున్నే బయలుదేరి లండన్ మీదుగా లింకన్ చేరేసరికి పదకొండున్నర. స్టేషన్ బయటికి రాగానే సెయింట్ మేరీ లె విగ్‌ఫర్డ్ అనే చిన్న చర్చి ఉంది. దాని బురుజు గోడలో ఒక రాయి. అది నిజానికి ఒక రోమన్ సమాధి రాయి, సాసెర్ అనే పేరుగలవాడి కోసం లాటిన్‌లో చెక్కినది. పై భాగంలోని ముక్కోణపు జాగాలో ఎయిర్టిగ్ అనే మరొకడు, క్రీస్తుకూ మేరీ మాతకూ కీర్తిగా తాను ఈ గుడి కట్టించినట్టు ప్రాచీన ఇంగ్లీషులో చెక్కించుకున్నాడు. అక్షరాలు బాగా అరిగిపోయాయి. మా వెనుకనే రైల్వే గేటు పడింది, జనం బస్తాలతో సైకిళ్ళతో ఆగారు, గేటు లేచింది, మళ్ళీ కదిలారు. నేను ఆ రాయిని వేలితో తడుముతుంటే అమ్మాయి, "నాన్నా, శాసనాలు తాకకూడదేమో" అని చెయ్యి పట్టుకుంది.

ఈ బురుజు సంగతిలో అసలు విశేషం దాని వయసు. ఇది సన్నగా, నిలువుగా, పాత ఇంగ్లీషు పద్ధతిలో ఉంది గాని, కట్టినది నార్మన్లు వచ్చిన తరువాత. కొండ మీద విలియం మనుషులు రాతి కెథడ్రల్ లేపుతుంటే, దిగువన ఊరివాళ్ళు తమ తాపీమేస్త్రీల చేత తమకు తెలిసిన తీరులో తమ గుడి కట్టుకున్నారు. లింకన్‌లో కోల్స్‌వెయిన్ అనే ఇంగ్లీషువాడికి రాజు ఎవరూ ఎన్నడూ ఇళ్ళు కట్టని బంజరు ఇచ్చాడనీ, అతడు అక్కడ 36 ఇళ్ళూ రెండు చర్చిలూ కట్టాడనీ డూమ్స్‌డే రాసింది. ఆ రెండిటిలో ఇది ఒకటి కావచ్చునని కొందరి ఊహ. దేశమంతటా రాజు నుంచి నేరుగా పెద్ద ఎత్తున భూములు పొందిన ఇంగ్లీషువారు 1086 నాటికి వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మందే మిగిలారు. వారిలో కోల్స్‌వెయిన్ ఒకడు. కొత్త ప్రభువు దగ్గర మాట చెల్లించుకుని, పేటలు వేసి, అద్దెలు వసూలు చేసుకున్న ఇటువంటివారు ప్రతి రాజ్యమార్పులోనూ ఉంటారు. వారిని తిట్టడం తేలిక. కాని కోట కోసం ఇళ్ళు పోగొట్టుకున్నవారు తల దాచుకున్నది ఆ 36 ఇళ్ళలోనే కాదని ఎవరనగలరు?

కోట కోసం పోయిన ఇళ్ళ లెక్క కొండ ఎక్కాక తెలిసింది. స్టీప్ హిల్ అన్న పేరు సార్థకం. మోకాళ్ళ నొప్పులతో నేను మూడుచోట్ల ఆగవలసి వచ్చింది. దారిలో 12వ శతాబ్దపు రాతి ఇళ్ళు ఇప్పటికీ అంగళ్ళుగా బతుకుతున్నాయి. పైన ఒకవైపు 1068లో వేసిన కోట, ఎదురుగా కెథడ్రల్. ఎక్కడో దక్షిణాన థేమ్స్ ఒడ్డున ఉన్న బిషప్ పీఠాన్ని ఈ కొండ మీదికి మార్చి రెమీజియస్ ఈ కెథడ్రల్ మొదలుపెట్టాడు. కోటకు ఒకటి కాదు, రెండు మట్టి దిబ్బలున్నాయి. గోడ మీద నడుస్తూ కాగితం తీసి అమ్మాయికి చదివి వినిపించాను. ఎడ్వర్డ్ కాలంలో ఈ పట్టణంలో 970 ఇళ్ళు. 1086 నాటికి 240 పాడుపడ్డాయి. అందులో 166 కోట కారణంగా పోయాయి. మిగిలిన 74 కోట హద్దుకు బయట పాడుపడినవి, అవి షెరీఫులూ అధికారులూ పీడించడం వలన కాదు, దురదృష్టం, పేదరికం, అగ్నిప్రమాదాల వలన.

ఈ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఎవరూ అడగకుండానే, అధికారుల పీడన వలన కాదు అని ఒక గుమాస్తా ఎందుకు రాశాడు? నివేదికలు రాసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, అటువంటి వాక్యం ఊరికే రాదు. ఎవరో పీడన అన్నారు, ఎవరో కొట్టివేయమన్నారు, మధ్యనున్నవాడు ఇద్దరినీ నొప్పించకుండా ఈ మాట పెట్టాడు. కరువు ఏడాదిలో నేనూ ఒక పై అధికారి కోసం అటువంటి వాక్యం ఒకటి రాశాను. ఆ కాగితం ఏ బీరువాలో ఉందో గాని, అందులోని మాటలు నాకింకా నోటికి వచ్చు. అమ్మాయి ఏమీ అనలేదు. గోడ మీద గాలి ఎక్కువగా ఉంది.

ఇదే అధికారుల కలం ఇంకా ఉత్తరాన యార్క్‌షైర్ ఊళ్ళ దగ్గర పేజీలకు పేజీలు పాడుపడినది అనే ఒక్క మాటే రాసుకుంటూ పోయింది. 1069-70 చలికాలంలో తిరుగుబాటును అణచడానికి విలియం సైన్యం అక్కడ పంటనూ పశువునూ పనిముట్టునూ తగలబెట్టింది. జీవితం యథాప్రకారం సాగిందని తేలికగా అనేవారు ముందు ఆ పేజీలు తిప్పాలి.

ఆరవ రోజు: లాక్స్‌టన్

రాత్రి లింకన్‌లోనే బస చేసి, పొద్దున్నే టాక్సీలో నాటింగ్‌హామ్‌షైర్‌లోని లాక్స్‌టన్‌కు వెళ్ళాము. ఉమ్మడి పొలాల పద్ధతి నేటికీ నడుస్తున్న ఊరు ఇది. ఈ యాత్ర మొత్తం నేను పెట్టుకున్నది ఈ ఊరి కోసమే.

డూమ్స్‌డేలో ఈ ఊరి పద్దు ఒక అరపేజీ కూడా లేదు. ఇదివరలో టోకి అనేవాడిది, ఇప్పుడు జెఫ్రీ ఆల్సెలిన్‌ది. ఆరు నాగళ్ళకు సరిపడా భూమి. జెఫ్రీ మనిషి వాల్టర్‌కు ఒక నాగలి, 22 మంది విలన్లకూ ఏడుగురు చిన్న కమతాలవారికీ కలిపి ఐదు నాగళ్ళు. ఐదుగురు బానిసలు, ఒక బానిస స్త్రీ. 40 ఎకరాల గడ్డి నేల, మేతకు పనికివచ్చే అడవి. విలువ ఎడ్వర్డ్ కాలంలో 9 పౌన్లు, ఇప్పుడు 6.

విలన్ అంటే ఊరివాడు, సేద్యగాడు, అంతే. దొరగారి కమతంలో వారానికి ఇన్ని రోజులని వెట్టి చేసి, మిగిలిన రోజులు తన చెక్క దున్నుకునేవాడు. ఆ మాటను పెద్దలు నీచార్థంలో వాడి వాడి, చివరకు అది మన సినిమాలలో మీసం మెలేసేవాడి దాకా వచ్చింది. ఈ 22 మందిలో ఒక్కరి పేరు కూడా లేదు. టోకి పేరుంది, జెఫ్రీ పేరుంది, వాల్టర్ పేరుంది. ఎనిమిది ఎడ్లను కట్టి నల్లరేగడి వంటి ఈ బరువు నేలను దున్నినవారు మాత్రం అంకెలు. బానిసల విషయంలో మాత్రం ఒక మార్పు వచ్చింది. డూమ్స్‌డే జనాభాలో దాదాపు పదో వంతు బానిసలు. 1102లో వెస్ట్‌మినిస్టర్‌లో కూడిన మతసభ మనుషులను పశువుల్లా అమ్మకూడదని శాసించింది. ఆ తరువాత రెండు మూడు తరాలకు ఇంగ్లండ్‌లో ఆ వర్గమే కనుమరుగైంది. అయితే వారు స్వేచ్ఛ పొందారనేకన్నా, చారెడు నేలతో వెట్టివారిలో కలిసిపోయారనడం సబబు. ఏడాది పొడుగునా బానిసకు తిండి పెట్టడంకన్నా, గుడిసె ఇచ్చి పనిరోజులు రాయించుకోవడం దొరకు గిట్టుబాటు.

ఊరికి ఉత్తరాన దొరగారి కోట దిబ్బ గడ్డి మొలిచి ఉంది. ఎక్కి చూస్తే పశ్చిమాన ఇంకో ఊరి కొండలు, దిగువన గొర్రెలు. అటు ఎవరూ రావడం లేదు. జనం వచ్చేది పొలాలకు. వెస్ట్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్ అని మూడు పెద్ద పొలాలు, మధ్య కంచెలు లేవు. ఒక్కొక్క రైతుకు మూడింటిలోనూ అక్కడొకటి ఇక్కడొకటిగా పొడుగాటి చెక్కలు. ఒక పొలంలో గోధుమ, ఒకదానిలో వసంతకాలపు పైరు, ఒకటి బీడు, ఏటేటా చక్రం తిరుగుతుంది. ఈ చెక్కలన్నీ 1086 నాటివే అనుకోకూడదు. ఊరికి 1635లో గీసిన పటం ఉంది, ఆ తరువాత కూడా చెక్కలను కలిపి పెద్దవి చేశారు. అంతేకాక, ఈ ఉమ్మడి సేద్యాన్ని తెచ్చినవారు నార్మన్లు కారు. వారు వచ్చేనాటికే ఇంగ్లండ్ నడిబొడ్డున అది వేళ్ళూనుకుంది. వారు చేసినదల్లా దానిపైన తమ కోర్టును కూర్చోబెట్టడం.

ఆ కోర్టు ఇప్పటికీ ఉంది. నవంబరు చివరనో డిసెంబరు మొదటనో ఊరి రైతులలో నుంచి ఏర్పడ్డ జ్యూరీ గోధుమ పొలం అంతా తిరిగి, ఎవరైనా తన చెక్క దాటి ఉమ్మడి గడ్డి దారిలోకో పక్కవాడి నేలలోకో దున్నారా అని చూసి, హద్దుకు మేకులు దిగగొడుతుంది. వారం తరువాత ఊరి పబ్బులో కూర్చుని జరిమానాలు వేస్తుంది. మేము వెళ్ళింది అక్టోబరు కావడంతో ఆ తతంగం దొరకలేదు. గట్టు మీద నిలబడిన ఒక పెద్దాయన, మేము ఎవరమో ఎక్కడివారమో అడిగి, తానూ ఒకప్పుడు ఆ జ్యూరీలో తిరిగానని చెప్పాడు. "ఏటేటా అంగుళం అంగుళం జరుపుకునేవాడు ఒకడు ప్రతి ఊళ్ళోనూ ఉంటాడు" అన్నాడు. మా దగ్గర దానిని గట్టు నరకడం అంటారని అమ్మాయి చేత ఇంగ్లీషులో చెప్పించాను. ఆయన ఆ మాట అర్థం కాగానే పొట్ట పట్టుకుని నవ్వాడు.

కాసేపు ఆయనతో పొలం గట్టునే మాట్లాడుతూ నిలబడ్డాను. కోర్టు, జ్యూరీ, రెంట్, టాక్స్, ఎస్టేట్, ఇవన్నీ ఫ్రెంచి వైపు నుంచి వచ్చిన మాటలు. ప్లౌ, ఆక్స్, ఫీల్డ్, మెడో, ఫర్రో, ఇవి అంతకుముందు నుంచీ ఉన్నవి. మన దగ్గరా అదే వరస. అర్జీ, వసూలు, జప్తు, జమాబందీ, ఫసలీ, చివరికి రైతు అన్న మాట కూడా పారసీ దర్బారుల మీదుగా వచ్చాయి. నాగలి, కాడి, మేడి, కర్రు, చాలు మాత్రం ఎవరి రాజ్యం వచ్చినా నోరు మార్చుకోలేదు. నేను ముప్పైరెండేళ్ళు అడంగల్‌లో రాసిన ఎకరం అన్న మాట ఆంగ్లేయుల వెంట వచ్చినది. అది వారికి నార్మన్ల కన్నా ముందు నుంచీ ఉన్న పొలం మాట, ఒక జత ఎడ్లు ఒక పొద్దులో దున్నే మేర. పది గొలుసుల పొడవు, ఒక గొలుసు వెడల్పు అని ట్రైనింగులో బట్టీ పట్టినప్పుడు, అది ఒక చాలు పొడవు నుంచి వచ్చిందని మాకెవరూ చెప్పలేదు.

పెద్దాయన అనుమతి అడిగి చెక్క పక్కనున్న గడ్డి బాట మీద అంగలు వేసుకుంటూ కొలవడం మొదలుపెట్టాను. ఒక గొలుసు పొడవుకు ఇరవై ఆరు అంగలు నా లెక్క, సర్వీసులో చేరిన కొత్తలో సర్వేయరు నేర్పినది. గోధుమ అప్పుడే మొలకెత్తి సన్నటి పచ్చ గీతలుగా ఉంది. రాత్రి వానకు మట్టి బూట్లకు పట్టి అంగ బరువవుతోంది. నాలుగో గొలుసు దాటాక లెక్క తప్పింది, వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాను. ఆరో గొలుసు దగ్గర ఉండగా అమ్మాయి రోడ్డు మీది నుంచి చెయ్యి ఊపుతూ, "నాన్నా, టాక్సీ వచ్చింది, మీటరు తిరుగుతోంది!" అని కేక వేసింది. బూట్లను గడ్డికి రాసుకుంటూ, లెక్కను వేళ్ళ మీద పట్టుకునే అటు నడిచాను.